ముట్లుడిగిన యిల్లాలి కంచము

మన తెలుగునాట ఆడుదాని జీవితమున నొక్కొక్క దశకు నొక్కొక్క యాహారము నియమింపబడి యున్నది. పిల్ల పెద్దమనిషి యైన నాడు నువ్వులును బెల్లమును కలిపి దంచి చిమ్మిలి పెట్టుదురు. కడుపుతో నున్నదని తెలిసిన పిమ్మట ఆమె కోరినదెల్ల వండిపెట్టుట పుణ్యమని యెంతురు. బాలింతకు పథ్యము పెట్టుటయందు పుట్టింటివారును అత్తింటివారును పోటీ పడుదురు. ఏ కూర వాతము చేయును, ఏది పాలు పట్టించును అని పెద్ద ముత్తైదువలు కూర్చుండి నిర్ణయింతురు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఆ స్త్రీయే 46, 47 ఏండ్లకు వచ్చి ముట్లుడిగినప్పుడు ఆమెకు నియమింపబడిన యాహారమేది? ఏ యింటనైన నడిగి చూడుడు. జవాబు రాదు. అందఱును తినిన పిదప గిన్నె యడుగున మిగిలినదే ఆమె యాహారము.

ఈ మౌనమునకు అర్థమొక్కటియే. మన యాచారము పోషించినది గర్భమును. గర్భమును మోసిన మనిషిని గాదు. గర్భముతో పని తీఱగానే ఆమె కంచముతో గూడ పని తీఱినదని మనము తలంచితిమి. ఈ తలంపు అన్యాయమని చెప్పి యూరకొందునేని నీతివాక్యము మాత్రమగును. ఇది అన్యాయమే గాక ప్రాణహానికరమైన యజ్ఞానమని చూపుటయే ఈ వ్యాసము నుద్దేశము.

ఇది వంటయింటి లోపము మాత్రమే యనుకొనరాదు. ప్రభుత్వము వారి లెక్కలయందును ఇదే చూపు కనబడుచున్నది. 2019 మొదలు 2021 వఱకు జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీల బరువును రక్తహీనతను గుఱించిన లెక్కలు 15 మొదలు 49 ఏండ్ల వయసువారివి. 49 దాటిన స్త్రీకి రక్తపుపోటును, రక్తములోని చక్కెరను చూచిరి గాని, ఆమె బరువెంతయో, ఆమె యొంట రక్తము చాలినంత యున్నదో లేదో ఆ లెక్కకు అక్కఱలేకపోయినది. బిడ్డను కనగల వయసు ముగియగానే కొలబద్దయు ముగిసినది. ఆ సర్వేయే మఱియొక సంగతిని దెలుపుచున్నది. ఆ వయసు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి 3గురు మాత్రమే కాగా, ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను నూటికి 8 మందికి పైగా నున్నారు. శస్త్రచికిత్సలో అండాశయములను గూడ తీసివేసినయెడల ఆ దినముననే ముట్లుడిగిన దశ వచ్చును. వానిని ఉంచినను ఆ దశ కొంత ముందుగా వచ్చుట కలదు. కావున ముప్పది, నలుబది యేండ్లకే ఈ దశలో నడుగుపెట్టిన స్త్రీలు మన యూళ్లలో నెందఱో యున్నారు. "సంచి తీసివేసిరి, పీడ వదలినది" అని యింటివారు నిట్టూర్చుదురు. శరీరపు లెక్క అక్కడ ముగియలేదు, క్రొత్తగా మొదలైనదని వారికి చెప్పువారు లేరు.

ఆ లెక్క యెట్టిదో చూతము. ముట్లుడుగుట రోగము గాదు. వయసునకు సహజమైన మార్పు. అప్పుడు అండాశయములు ఈస్ట్రోజెన్ అను రసమును పుట్టించుట మానును. ఈ రసము గర్భమునకు మాత్రమే సేవచేయునది గాదు. రక్తములో తిరుగుచుండు ఎల్.డి.ఎల్. అను చెడు కొలెస్టరాలును కాలేయము పట్టి లోనికి దీసికొనుటకు దాని కణములపై వాకిళ్ల వంటివి కొన్ని యున్నవి. ఈస్ట్రోజెన్ ఉన్నంత కాలము ఆ వాకిళ్లు మెండుగా నుండును. అది తగ్గగానే అవియు తగ్గును. లోనికి పోవలసిన కొలెస్టరాలు రక్తమునందే నిలిచి, ధమనుల గోడలలో జొరబడి పేరుకొనును. అమెరికాలో 1996లో మొదలిడి, ఐదు జాతులకు చెందిన 3,302 మంది స్త్రీలను ఏండ్ల తరబడి వెంబడించిన స్వాన్ అను పరిశోధనలో ఈ సంగతి స్పష్టముగా తేలినది. కడపటి ముట్టునకు ముందు వెనుకల యేడాదిలోనే చెడు కొలెస్టరాలు గబుక్కున పెరుగుచున్నదనియు, ఇది కేవలము వయసు పెరిగినందువలన గలిగినది గాదనియు 2009లో ప్రకటించిరి. అనగా మనము "ఇక ఆమెకేమి కావలెను" అనుకొను ఆ యేడాదియే ఆమెకు మిక్కిలి జాగ్రత్త కావలసిన యేడాది.

రెండవ కీడు శోథ. ఇంగ్లీషు వైద్యులు దీనిని ఇన్‌ఫ్లమేషన్ అందురు. దెబ్బ తగిలినచోట ఎఱ్ఱబడి, వాచి, వేడెక్కుట మనమెఱిగినదే. అది శరీరము తన్ను దాను కాపాడుకొను ఉపాయము. కాని గాయము లేకయే ఆ మంట నివురుగప్పిన నిప్పువలె లోలోపల ఏండ్ల తరబడి రాజుచుండుటయు కలదు. ముట్లుడిగిన పిదప తుంటలయందును తొడలయందును చేరవలసిన క్రొవ్వు కడుపులో, ప్రేవుల చుట్టును చేరును. ఈ కడుపు క్రొవ్వు ఊరక పడియుండునది గాదు. అది శోథను రేపు పదార్థములను రక్తములోనికి విడుచును. వాని ప్రేరణచే కాలేయము సి.ఆర్.పి. అను మాంసకృత్తును పుట్టించును. అది లీటరు రక్తమునకు 1 మిల్లీగ్రాము లోపుగా నున్న గుండెకు భయము తక్కువ. 3 దాటినచో ఎక్కువ. 2000లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధన యొకటి ముట్లుడిగిన 28,263 మంది ఆరోగ్యవతులను చూచి, రాబోవు గుండెపోటును ముందుగా తెలుపు గుర్తులలో ఈ సి.ఆర్.పి. కొలెస్టరాలు కంటెను మిన్నయని తేల్చినది. ధమని గోడలో పేరుకొన్న కొలెస్టరాలు కట్టెలమోపు, శోథ నిప్పురవ్వ. రెండును ఒకేకాలమున ఒకే స్త్రీ యింట చేరుచున్నవి.

ఇప్పుడు ఆక్షేపణలు వినబడును. "గుండెజబ్బు మగవారి జబ్బు గదా" అని మొదటి వారందురు. ప్రపంచమున స్త్రీల మరణములలో మూడవ వంతునకు గుండె, రక్తనాళముల జబ్బులే కారణము. స్త్రీకి వచ్చు గుండెపోటు ఒక్కొక్కప్పుడు ఱొమ్మునొప్పితో గాక ఆయాసముతోను, వాంతితోను, వీపునొప్పితోను, అంతులేని యలసటతోను వచ్చును గావున దానిని "గ్యాసు" అని సోడా త్రాగించి పడుకొనబెట్టు ఇండ్లు అనేకము. మగనికి చెమట పోసిన వెంటనే కారు పిలుతురు. ఇల్లాలికి వాము నమలుమందురు. జబ్బు మగవారిది కాదు, శ్రద్ధ మగవారిది.

"మా యమ్మ మాంసము ముట్టదు, గ్రుడ్డు ముట్టదు, ఆమెకు కొలెస్టరాలెక్కడిది?" అని రెండవ వారందురు. కొలెస్టరాలును కాలేయమే తయారుచేయును. అది తినువస్తువునందే యుండవలెనను నియమము లేదు. శాకాహారమను పేరు చాలదు, కంచములో నేమున్నదో చూడవలెను. తవుడంతయు పోగొట్టి మల్లెపూవువలె తెల్లగా పాలిషు పట్టిన బియ్యపుటన్నము గుట్టగా, దానికి ఊరగాయ ముక్క, పలుచని చారు, కూర యింటివారికి చాలి మిగిలినచో నొక చెంచాడు, సాయంకాలము కాఫీతో రెండు బిస్కత్తులు. ఇందు పప్పెంత? ఆకుకూర యెంత? పీచెంత? పీచులేని పిండిపదార్థము త్వరగా చక్కెరయై, అక్కఱకు మించినది కాలేయమున క్రొవ్వుగా మాఱి, ట్రైగ్లిసరైడులను పెంచి, మంచి కొలెస్టరాలును తగ్గించి, కడుపు చుట్టు చేరును. ఆవకాయ ఉప్పు రక్తపుపోటును పెంచును. పండుగనాడు గారెలు వేచిన నూనెనే మఱునాడు అప్పడములకును, ఆ మఱునాడు వడియములకును కాచుట పొదుపుగా తోచును గాని, మాటిమాటికి కాగిన నూనె చెడిపోయి శోథకు తోడ్పడును. ఇంత జరుగుచుండ శాకాహారమను మాటను చూచి నిశ్చింతగా నుండుట, ఇంటికి తాళము వేసితిమని పెరటి తలుపు తెఱచి పోవుట వంటిది.

"ఆమెకు ఉపవాసములున్నవి, ఏకాదశి, శనివారము, ఇంతకంటె ఆరోగ్యమేమి?" అని మూడవ వారందురు. దైవభక్తితో ఉపవాసముండువారిని నేను నిందింపను. కాని పగలంతయు కాఫీతో గడిపి రాత్రి బొంబాయిరవ్వ ఉప్మాయో, సగ్గుబియ్యపు వడయో తినుట ఉపవాసమగునేమో గాని పథ్యము గాదు. ఇందొక చరిత్రయు గలదు. వితంతువునకు ఒంటిపూట భోజనము ధర్మమని చెప్పిన కాలమున మన సంఘసంస్కర్తలు దానిపై పోరాడిరి. 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిగినది. ఆ పోరాటమున పడుచు వితంతువునకు మరల సంసారము దొరకినది. ముదుసలి స్త్రీకి మాత్రము పూటకూటి నియమము పేరు మార్చుకొని, "నాకేమి, ముసలిదానిని, రెండు మెతుకులు తిని పడుకొందును" అను ఆమె నోటిమాటగానే మిగిలిపోయినది. ఆ మాట ఆమె స్వంతమని, ఆమె యిష్టమని మనము తప్పించుకొనరాదు. ఏబది యేండ్లు కడపట కూర్చుండి తినిన మనిషికి తక్కువ తినుటయే మర్యాదయని మనమే నేర్పితిమి.

"వయసు వచ్చిన పిదప పథ్యమువలన ఫలమేమి? మాత్ర వేసికొన్న చాలదా?" అనువారు నాలుగవవారు. వీరికి కెనడా దేశమున టొరంటో నగరములో డేవిడ్ జెంకిన్సు అను పండితుడును ఆయన సహచరులును 2003లో ప్రకటించిన ప్రయోగమును చెప్పవలెను. కొలెస్టరాలు హెచ్చుగానున్న 46 మందిని మూడు జట్లు చేసిరి. వారిలో 25 మంది పురుషులు, 21 మంది ముట్లుడిగిన స్త్రీలు. ఒక జట్టునకు క్రొవ్వు తగ్గించిన మామూలు పథ్యము. రెండవదానికి ఆ పథ్యముతోబాటు స్టాటిన్ మాత్ర. మూడవదానికి మాత్ర లేకుండ, ఓట్లు, యవలు, ఇసబ్గోలు, సోయా, బాదములు, మొక్కలనుండి తీసిన స్టెరాలులు గలిపిన ఆహారము. నెల గడచుసరికి చెడు కొలెస్టరాలు మొదటి జట్టులో నూటికి 8, మాత్ర జట్టులో 30.9, మూడవ జట్టులో 28.6 వంతులు తగ్గినది. శోథను దెలుపు సి.ఆర్.పి. వరుసగా 10, 33.3, 28.2 వంతులు తగ్గినది. ఆ మూడవ జట్టువారి కంచమునందు మఱి రెండు కూరలుండెను: బెండకాయ, వంకాయ. మన పెరటిలో కాయు బెండకాయ జిగురును టొరంటో పండితులు మందుగా నెంచి వండించిరి. మన యిండ్లలో వేపుడు చేసి మగవారి విస్తళ్లలో వడ్డించి, మూకుడు తుడిచిన నూనెయన్నము ఇల్లాలికి మిగిల్చుచున్నాము!

న్యాయముగా మాటాడవలెనన్న మఱియొక సంగతి చెప్పవలెను. ఆ నెల రోజుల ప్రయోగమున భోజనమంతయు పరిశోధకులే సమకూర్చిరి. ఎవరి యిండ్లలో వారు వండుకొని తినునట్లు సలహా మాత్రమే యిచ్చి ఆఱు నెలలు చూచిన రెండవ ప్రయోగమున, 2011లో, తగ్గుదల నూటికి 13, 14 వంతులుగా నుండెను. ఇది తక్కువ గాదు. కాని వైద్యుడు మాత్ర వ్రాసియిచ్చిన స్త్రీ, ఈ వ్యాసము చదివి దానిని మానరాదు. పథ్యము మాత్రకు పగ గాదు, తోడు. ఈస్ట్రోజెన్ మందులు ఒంటి యావిరులు మొదలగు బాధలకు వైద్యుని సలహాపై కొందఱికి ఉపకరించును గాని, గుండెజబ్బు రాకుండుటకని వానిని వాడరాదు; 2002లో అమెరికాలో 16,608 మందిపై జరిగిన పరీక్షను కీడు కనబడుటచే నడుమనే ఆపివేసిరి.

ఈ వాదులందఱికంటె చెడ్డవారు అంగడివారు. ఒకడు కొబ్బరినూనె గిన్నెలతో త్రాగుమనును. ఒకడు పసుపు మాత్రలమ్మును. ఒకడు నూనె చుక్కయే వలదనును. కొబ్బరినూనె యితర గింజల నూనెలకంటె చెడు కొలెస్టరాలును పెంచునని అనేక పరీక్షలు కలిపి చూచి 2020లో తేల్చిరి. పసుపు మన కూరలకు వన్నెయు రుచియు. దానిలోని సారము ప్రేవులనుండి రక్తమునకు బహు స్వల్పముగా చేరును. ఇక క్రొవ్వునెల్ల తగ్గించుట యొక్కటియే మందా యన్న ప్రశ్నకును జవాబు వచ్చినది. ముట్లుడిగిన 48,835 మంది అమెరికా స్త్రీలలో కొందఱిచే ఎనిమిదేండ్లపాటు క్రొవ్వు తగ్గించి తినిపించి చూచిరి; గుండెజబ్బు చెప్పదగినంతగా తగ్గలేదని 2006లో ప్రకటించిరి. ఎంత క్రొవ్వని మాత్రమే అడుగరాదు. ఏ క్రొవ్వు, దాని బదులు కంచములో నేమి చేరినదని యడుగవలెను. నేయి తీసివేసి మైదా పెట్టినచో లాభము లేదు. నేయి కొంత తగ్గించి పప్పును, కూరను, గుప్పెడు గింజలను పెట్టినచో లాభము.

అట్లయిన ఏమి పెట్టవలెను? 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో మన దేశస్థులకు భోజన సూత్రములు ప్రకటించినది. దినమునకు 2000 కేలరీల భోజనములో ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలును ఆకుకూరలును 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు; ఉప్పు 5 గ్రాములు మించరాదు. పని తక్కువైన పెద్దవారు ధాన్యమును ఇంకను తగ్గింపవచ్చును. ఈ లెక్కను మన యిల్లాలి కంచముతో పోల్చి చూడుడు: అన్నము రెట్టింపు, కూర పావు, పప్పు చారులోని తేటగా కనబడును.

ఇందు మనకు దొరకని వస్తువు లేదు. ఒక పూట దంపుడుబియ్యమో, జొన్నరొట్టెయో, రాగిసంకటియో, కొఱ్ఱన్నమో. ముద్దపప్పు గాని, తోటకూరపప్పు గాని, ఉలవలు, అలసందలు, సెనగల గుగ్గిళ్లు గాని ప్రతిదినము. బెండ, వంగ, చిక్కుడు, గోరుచిక్కుడు కూరలు తక్కువ నూనెతో. బాదములు కొనలేనివారు గుప్పెడు వేరుసెనగపప్పు తినవచ్చును. పామాయిలులో నూటికి దగ్గఱదగ్గఱ సగము గడ్డకట్టు జాతి క్రొవ్వే. కావున నువ్వులనూనె, వేరుసెనగనూనె, తవుడునూనె మార్చి మార్చి మితముగా వాడుట మేలు. చేపలు తినువారు వారమునకు రెండుసార్లు పులుసు పెట్టుకొనవచ్చును. ఈ పప్పులలోను కూరలలోను ఉండు జిగురుపీచు ప్రేవులలో పైత్యరసమును పట్టి బయటికి కొనిపోవును. పోయిన పైత్యరసమును మరల చేయుటకు కాలేయము రక్తములోని కొలెస్టరాలును తీసికొనును. మిగిలిన పీచును ప్రేవులలోని సూక్ష్మజీవులు తిని శోథను చల్లార్చు పదార్థములను పుట్టించును. మూత్రపిండముల జబ్బుగలవారు, మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు మాత్రము తమ వైద్యుని యడిగి మార్పులు చేయవలెను.

అయితే వస్తువుల పట్టిక వ్రాయుట సులభము. దానిని ఆమె కంచములోనికి చేర్చుటయే కష్టము. "అమ్మా, నీవు రాగిసంకటి తిను" అని కొడుకు ఉద్యోగమునకు పోవుచు చెప్పిపోవును. తనకొక్కదానికై వేఱుగ పొయ్యిపై గిన్నె పెట్టుకొను ఇల్లాలు మన దేశమున లేదు. అందఱికి అన్నము, తనకు సంకటి యన్నచో ఆమె రెండు దినములు వండుకొని మూడవనాడు మానివేయును. అది సోమరితనము గాదు, తనకై శ్రమపడుట సిగ్గని ఆమె నేర్చుకొన్నది. కావున మాఱవలసినది ఆమె కంచము మాత్రమే గాదు, ఇంటి కుండ. ఆమెకు మంచిదగు భోజనము మగనికిని, కొడుకునకును, కోడలికిని మంచిదే.

సోదరులారా, మూడు పనులు అడుగుచున్నాను. ఇంట 45 దాటిన స్త్రీలందఱికిని రక్తములో కొలెస్టరాలు పరీక్ష చేయింపుడు. రక్తపుపోటును, చక్కెరను చూపింపుడు. గర్భసంచి తీయించుకొన్నవారికి వయసుతో నిమిత్తము లేక చేయింపుడు. రెండు, ఆమెను మీతో కూర్చుండబెట్టి, పప్పును కూరను ముందుగా ఆమెకు వడ్డింపుడు. ఎవరికి చాలదో చూతము. మూడు, ఆమె సాయంకాలము అరగంట నడచి వచ్చుటకు తీఱిక కలుగునట్లు వంటపనిలో చేయి వేయుడు.

తల్లులారా, మీకును ఒక మాట. చిమ్మిలి పెట్టిన చేతులు మీవి, బాలింత పథ్యము నిర్ణయించిన సభ మీది. ముట్లుడిగిన స్త్రీకి పెట్టవలసిన పథ్యమును గూడ మీరే నిర్ణయింపుడు. నిర్ణయించి, మొదట మీ కంచములో మీరే వడ్డించుకొనుడు. అట్లు చేసిన నాడు మీ కోడండ్రకు ఆ దశ వచ్చునప్పటికి ఈ ప్రశ్నకు జవాబు వెదకవలసిన పని యుండదు.